నోకియా 1100: దుమ్ము దూరని పనితనం

పాత నోకియా కింద పడితే ఫోనుకేం కాదు, గచ్చు పగిలిందేమో చూసుకోమనే జోకు మన ఇళ్లల్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఆ జోకుకు బాగా నప్పే ఫోను 1100. 2003లో బజారులోకి వచ్చి, 2009లో తయారీ ఆగేలోపు 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. నోకియా అమ్మిన వందకోట్లవ ఫోను కూడా ఇదే. 2005లో నైజీరియాలో ఎవరో కొనుక్కున్నారు. చవక కాబట్టి కొన్నారులే అని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి దాని ముందు ప్యానెల్ ఊడదీసి చూడాలి.

మీటల దగ్గరే అసలు పనితనమంతా ఉంది. ఇలాంటి మీటల ఫోన్లలో సాధారణంగా మీట కింద బోర్డు మీద చిన్న రేకు బుడిపె ఒకటి ఉంటుంది. నొక్కితే అది అణిగి, కింది తీగను తాకి, టిక్కుమని మళ్లీ పైకి లేస్తుంది. ఆ రేకుకీ బోర్డుకీ మధ్య ఇసుక రేణువో చెమట తడో చేరిందంటే మీట మొరాయిస్తుంది. అంతకుముందు ఫోన్లలో మీటలు ప్యానెల్‌కున్న కంతల్లోంచి విడివిడిగా పైకొచ్చేవి. ప్రతి మీట చుట్టూ సన్నటి సందు, ఆ సందులన్నీ దుమ్ముకు రాజమార్గాలు. 1100లో ఆ సందులే లేవు. మీటలన్నీ ఒకే రబ్బరు పలక. అంకెలు దాని మీదే, ఉబ్బులు దానిలోనే. దుమ్ము పైన పడుతుంది, తుడిస్తే పోతుంది. పక్కలు కూడా చెమట చేతిలోంచి జారకుండా గరుకుగా చేశారు. డిజైన్ చేసింది కాలిఫోర్నియాలోని నోకియా కేంద్రంలో. డిజైన్ పేటెంటు దిమిత్రె మెహంజీస్కీ అనే బల్గేరియన్ అమెరికన్ పేరున ఉంది. అక్కడ కూర్చుని మన ఎండాకాలపు ఎర్రదుమ్మును లెక్కలోకి తీసుకోవడం చిన్న సంగతి కాదు.

రబ్బరు అరుగుతుంది, నిజమే. పాము ఆట పిచ్చివాళ్ల ఫోన్లలో 2, 4, 6, 8 ముందు చెరిగిపోయేవి. అయితే అరిగేది ఆ పలకే, బోర్డు కాదు. సెల్ రిపేరు కొట్టులో కొత్త ప్యానెల్, కొత్త మీటలు వేయించుకుంటే ఫోను పెళ్లికొడుకులా బయటికొచ్చేది.

ఇక టార్చి. ఫోను నెత్తిన ఒక చిన్న ఎల్‌ఈడీ. సి మీట నొక్కిపట్టుకుంటే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. వెలుగుతూనే ఉండాలంటే రెండుసార్లు నొక్కాలి. మెనూలో వెతికే పని లేదు, తెర చూడక్కర్లేదు, బొటనవేలికి చోటు తెలిస్తే చాలు. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చిన రోజుల్లో పురుగూ పుట్రా తిరిగే గట్ల మీద నడిచి మోటారు వేసిరావాల్సిన రైతుకు ఇది ఎంత పనికొచ్చిందో చెప్పనక్కర్లేదు. 1100 వచ్చిన ఏడాదే అదే కంపెనీ కెమెరా, రంగుల తెర ఉన్న 6600నూ తెచ్చింది. గొప్పగా చూపించుకోవడానికి అది బాగుండేది. నా ఓటు మాత్రం ఈ టార్చికే.

ఫోను బరువు 86 గ్రాములు. కింద పడితే వెనక డొప్ప ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరిపోయేవి. చూసేవాళ్లకు ముక్కలైపోయినట్టే ఉండేది. నిజానికి ఆ విడిపోవడంలోనే దెబ్బ చాలావరకు ఖర్చయిపోయేది. ఏరుకుని తగిలించి మీట నొక్కితే, చేతులు కలిపే బొమ్మ యథాప్రకారం వచ్చేది. తెర చిన్నది, నలుపు తెలుపుది, కాబట్టి పగిలే అద్దమూ తక్కువే.

మచ్చ లేదని కాదు. ఇందులో వాడిన బీఎల్-5సీ రకం బ్యాటరీల్లో మత్సుషిత కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా చేసినవి చార్జింగులో వేడెక్కే ప్రమాదముందని 2007 ఆగస్టులో నోకియా ప్రకటించింది. అలాంటివి 4 కోట్ల 60 లక్షలు. మామూలుగా అయితే కంపెనీ మునిగిపోవాల్సిన కబురు. కానీ జనం చేయాల్సింది డొప్ప తీసి, బ్యాటరీ మీద నంబరు చూసి, ఉచితంగా వేరేది తెచ్చుకోవడమే. ఫోను ఇంట్లోనే ఉంది. 2016లో శాంసంగ్ నోట్ 7కీ బ్యాటరీ జబ్బే వచ్చింది. దాన్ని జిగురుతో లోపల బిగించేశారు కాబట్టి ఫోన్లకు ఫోన్లే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, చివరికి ఆ మోడలే ఆపేశారు. బ్యాటరీ ఊడిరావడం పాతకాలపు మోటుదనమని నవ్వేవాళ్లకు ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూపించాలనిపిస్తుంది. ఆ బీఎల్-5సీ సైజు బ్యాటరీతో నడిచే ఎఫ్‌ఎం రేడియోలు, చిన్న స్పీకర్లు కొట్లలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

అటక మీద ఎవరికైనా 1100 దొరికితే ఒక్క మాట. జియో సిమ్ పెట్టి, పలకలేదని ఫోనును తిట్టకండి; ఇది 2జీ ఫోను, జియోకు 2జీ లేదు. 2జీ ఉన్న కంపెనీ సిమ్‌ను చుట్టూ ఉన్న చట్రం విరవకుండా పెట్టాలి, ఇందులో పట్టేది ఆ పెద్ద సైజే.