త్యాగరాజ కృతియందు శబరి వనము

కావేరీతీరమున తిరువైయారులో జీవితము గడపిన త్యాగరాజస్వామి (1767–1847) శబరి భాగ్యమును ముఖారి రాగమునఁ గీర్తించెను. అరణ్యకాండమున వాల్మీకి పంపాతీరమును, మతంగవనమును కన్నులఁ గట్టించెను. స్వామి కృతిలో నొక్క చెట్టు పేరైనను లేదు. అడవి యంతయు నా తాపసి యర్పించిన తీయని ఫలములలోనే యున్నది. ఇది లోపము కాదు. వర్ణింప నలవికాదని పల్లవియందే చేతులెత్తిన కవి వనవర్ణనకు దిగుట పొసఁగదు గదా!

వాల్మీకమున శబరి రాముని యనుజ్ఞ గొని యగ్నిఁ బ్రవేశించును. స్వామి యగ్నిమాట యెత్తక, ప్రభుసమ్ముఖముననే పునర్జన్మ లేని పదము నందెననెను. ఎంగిలిపండ్ల ముచ్చటయు నిందు లేదు. భాగ్యమును పాడుటకు శోకమునకుఁ బేరొందిన ముఖారి యేల యని కొందఱు శంకింతురు. ఆ భాగ్యము దేహము విడుచు ఘడియలోనిది. ఎదుట నిలిచిన రాముఁడును సీతను బాసినవాఁడు. రాగము తగియే యున్నది.

మునిపత్ను లెందఱుండఁగను ఈ వనవాసినికే యది దక్కెననుట కృతికిఁ బ్రాణము. అచ్చటి ‘దాంతుల’ యను పదమును దీర్ఘముతోఁ బలుకవలయును. ఇంద్రియనిగ్రహము గలవారని యర్థము. హ్రస్వమైనచో ‘దంతులు’ ఏనుఁగు లగును. మునిపత్నులు పోయి యాఁడేనుఁగులు వచ్చును! తెనుఁగక్షరము రాక చెవినిబట్టి నేర్చు తమిళనాటి తెనుఁగు పిల్లలచే, పాటకు ముందు ఆ యొక్క పాదమైనను తెనుఁగు లిపిలో వ్రాయింపవలయును.