పెట్టెలో కాస్త గాలి

ఆర్కిటిక్ వైపు శీతకాలపు సెలవులకు వెళ్తున్నామనగానే మన ఇళ్ళలో మొట్టమొదట కొనేది పెద్ద కోటు. నన్నడిగితే అన్నిటికంటే చివర కొనాల్సింది అది. కొనకపోయినా మునిగిపోయేదేం లేదు. నార్వేలోని ట్రోమ్సోలో గానీ, ఫిన్లాండ్‌లోని రొవానియెమిలో గానీ కుక్కల బండి ఎక్కించేవాళ్ళూ, మంచు మీద స్నోమొబైల్ నడిపించేవాళ్ళూ, రాత్రిపూట నార్తర్న్ లైట్స్ చూపిస్తామని బస్సుల్లో తీసుకెళ్ళేవాళ్ళలో చాలామందీ మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా ఉండే దళసరి సూటు వాళ్ళే ఇస్తారు. బుక్ చేసేటప్పుడు అడిగితే చెప్తారు. ఆ సూటు లోపల, మీ ఒంటికి ఆనుకుని ఏముందన్న సంగతి మాత్రం వాళ్ళు పట్టించుకోరు. రాత్రి ఎలా గడుస్తుందన్నది దాని మీదే ఉంటుంది.

ఈ మధ్య ఈ సర్దుడు గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పిల్లలు స్టాక్‌హోమ్‌లోనో హెల్సింకీలోనో ఉద్యోగాలు చేస్తుంటారు. డిసెంబరులో అమ్మానాన్నల్ని రప్పించుకుని, ఆర్కిటిక్ వలయం దాటించి పైకి తీసుకెళ్తారు. అరకు చలి, మహా అయితే లంబసింగి పొగమంచు చూసినవాళ్ళు ఉన్నట్టుండి మైనస్ 20కి బట్టలు సర్దాలి. ఏం చేస్తారు? ఇంట్లో ఉన్న స్వెటర్లన్నీ తీసి, అవి చాలవని ఇంకో రెండు కొని, పెట్టె మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతారు.

వెచ్చదనం బట్టలో ఉండదు. వేడి పుట్టించేది ఒళ్ళు. ఆ వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచేది కదలని గాలి. ఆ గాలి అటూ ఇటూ పోకుండా ఆపడమే బట్ట చేసే పని. ఇరుకు స్వెటరు మీద ఇంకో ఇరుకు స్వెటరు బిగిస్తే రెండిటి మధ్య గాలికి చోటుండదు. బరువు పెరుగుతుంది గానీ వెచ్చదనం పెరగదు. అందుకే ఆర్కిటిక్‌కి సర్దుకోవడమంటే గాలిని సర్దుకోవడమే అంటాను. ఏం తీసుకెళ్ళాలన్న దానికంటే ఎక్కడెక్కడ ఖాళీ వదలాలన్నది ముందు తేల్చుకోవాలి.

ఏ ప్రయోగశాలా లేని రోజుల్లోనే అక్కడి జనం ఈ సంగతి కనిపెట్టారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తర కొసలో రెయిన్‌డీర్లను మేపుకునే సామీలు ఆ జంతువు తోలుతోనే బూట్లు కుట్టుకునేవారు. పాదం కంటే ఆ బూటు బాగా పెద్దది. లోపల మేజోడు ఉండదు. చిత్తడి నేలల్లో పెరిగే తుంగ జాతి గడ్డిని వేసవిలోనే కోసి, నలగ్గొట్టి, దువ్వి మెత్తన చేసుకుని, పాదం చుట్టూ కూరుకునేవారు. పోచకీ పోచకీ మధ్య గాలి నిలిచేది, పాదం చెమటను గడ్డి పీల్చుకునేది. రాత్రి గుడారంలోకి రాగానే గడ్డి బయటికి లాగి ఆరబెట్టి, పొద్దున్నే మళ్ళీ కూరుకునేవారు.

ధ్రువ యాత్రికుడు రోఆల్ అముండ్సెన్ 1903 నుంచి 1905 దాకా తన చిన్న ఓడతో కెనడా ఉత్తరాన మంచులో ఆగిపోయి ఉన్నప్పుడు అక్కడి నెత్సిలిక్ ఇన్యూట్ల దగ్గర బట్టలు తొడుక్కోవడం నేర్చుకున్నాడు. కారిబూ తోలుతో రెండు చొక్కాలు. లోపలి దానికి బొచ్చు ఒంటివైపు, పై దానికి బొచ్చు బయటివైపు. రెండూ వదులుగా వేలాడుతూ ఉంటాయి. యూరప్ నుంచి తెచ్చుకున్న ఉన్ని బట్టల్ని పక్కన పెట్టి అతను వీటికి మారిపోయాడు. దక్షిణ ధ్రువానికి బయల్దేరినప్పుడు కూడా అదే పద్ధతిలో కుట్టిన తోలు దుస్తుల్ని వెంట తీసుకెళ్ళాడు. 1911 డిసెంబరు 14న అక్కడికి మొదట చేరింది అతని బృందమే. కుక్కలూ, స్కీయింగులో చేయి తిరిగిన మనుషులూ, ముందుచూపుతో దాచిన తిండీ గెలిపించాయని చరిత్రకారులు రాస్తారు. ఆ జాబితాలో వదులు చొక్కాను కూడా చేర్చమంటాను.

నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది చేపల వల బనీను. 1933లో హెన్రిక్ బ్రున్ అనే నార్వే సైనికాధికారి వల ముక్కతో బనీను కుట్టించాడు. ఒంటి మీద నిండా కన్నాలే. దాని మీద ఇంకో పొర తొడుక్కుంటే ఒక్కో కన్నంలో కాస్త గాలి చిక్కుకుని అక్కడే ఉంటుంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం దగ్గర కూడా ఇలాంటి వల బనీన్లు ఉన్నాయి. నార్వేలో ఇప్పటికీ అమ్ముతారు. కన్నాలకు డబ్బులివ్వడమేమిటని మనవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

గాలికి శత్రువు తడి. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఆర్కిటిక్‌లో చెమటేమిటంటారేమో. సూటు మొత్తం తొడుక్కుని హీటరు వేసిన బస్సులో గంటన్నర కూర్చోండి, తెలుస్తుంది. ఆ చెమటతోనే దిగి మంచులో నిలబడతారు. అప్పుడు ఒంటి మీద నూలు బనీను ఉందా, ఇక అంతే. నూలు మన ఎండలకు పుట్టిన బట్ట. చెమట పీల్చుకుని, మెల్లగా ఆరుతూ, ఒంటిని చల్లబరుస్తుంది. మే నెలలో విజయవాడలో అది వరం. అదే గుణం మైనస్ 20లో ఒంటికి కట్టుకున్న తడిగుడ్డ. బనీను, డ్రాయరు, మేజోళ్ళు, ముఖ్యంగా జీన్స్ ప్యాంటు, నూలువి ఏవైనా సరే హోటలు గదికే పరిమితం.

ఒంటికి ఆనుకునేది ఉన్ని కావాలి. మెరీనో అయితే గుచ్చుకోదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపలికి తీసుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. దీనికి నార్వేదాకా పోనక్కర్లేదు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుని వానాకాలమంతా మంద వెంట తిరిగే మన కురుమలనూ గొల్లలనూ అడిగినా చెప్తారు. మెరీనో ఖరీదెక్కువే. కానీ వాసన పట్టదు. రాత్రి దులిపి తగిలిస్తే పొద్దునకు సిద్ధం. వారం రోజుల ప్రయాణానికి రెండు జతలు చాలు. చలికాలం రాగానే మన పట్టణాల్లో టిబెటన్లు రోడ్డు పక్కన అమ్మే స్వెటర్లు చాలావరకు లూధియానా నుంచి వచ్చే ఆక్రిలిక్. వాటిని పారేయొద్దు. నడిమి పొరగా పనికొస్తాయి, ఒంటి పక్కన కాదు. ఫ్లీస్ జాకెట్ ఉంటే ఇంకా తేలిక.

ఆ పైన గాలి దూరని పొర ఒకటి. 1940 ప్రాంతంలో అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, ఏ వేగం గాలికి అవి ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచారు. ఇవాళ వాతావరణ సూచనల్లో మనం చూసే విండ్ చిల్ లెక్కకు మూలం అదే. ఇప్పుడు వాడుతున్న సూత్రం ప్రకారం మైనస్ 10లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 20లా తగులుతుంది. పొరల మధ్య నిలబెట్టుకున్న గాలిని బయటి గాలి ఊడ్చుకుపోకుండా పై పొర కాపాడాలి. అది పల్చగా ఉన్నా ఫరవాలేదు.

వెళ్ళే ఊరేదో చూసుకుని సర్దాలి. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి చాలా పైన ఉన్నా, అట్లాంటిక్ వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని జనవరి సగటు మైనస్ 4 దగ్గరే ఉంటుంది. ఒక్కోసారి మంచు మీద వాన పడి, ఆ వాన గడ్డకట్టి రోడ్డు గాజుపలకలా తయారవుతుంది. అక్కడ బూటు కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు తప్పనిసరి. బ్రొద్దర్ అంటారు, ఊళ్ళోనే దొరుకుతాయి. రొవానియెమి, స్వీడన్‌లోని కిరునా సముద్రానికి దూరం; అక్కడిది పొడి చలి, మైనస్ 25 వచ్చినా వింత కాదు. ఫిన్లాండ్‌లోని కిత్తిలా ప్రాంతంలో 1999 జనవరి 28న మైనస్ 51.5 నమోదైంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ట్రోమ్సోలో మబ్బు పట్టిన రాత్రి నార్తర్న్ లైట్స్ చూపించే బస్సులు తేటగా ఉన్న ఆకాశం వెతుక్కుంటూ లోపలికి, అవసరమైతే ఫిన్లాండ్ సరిహద్దు దాకా పోతాయి. సాయంత్రం మైనస్ 3లో బస్సెక్కినవాళ్ళు అర్ధరాత్రి మైనస్ 20లో దిగుతారు. దిగి చేసేదేమీ ఉండదు, ఆకాశం చూస్తూ నిలబడటం తప్ప. నడిచేవాడికి చాలిన బట్ట నిలబడినవాడికి చాలదు. కాబట్టి నిలబడటాన్ని దృష్టిలో పెట్టుకునే సర్దండి.

నిలబడినప్పుడు ముందు ఓడిపోయేది పాదం. దాని కింద మంచు, పైన ఒంటి బరువంతా. అందుకే డబ్బు ఖర్చు పెట్టాల్సింది బూటు మీద. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, దళసరి ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని దుకాణానికి వెళ్ళండి. వేళ్ళు లోపల పియానో వాయించగలగాలి. మామూలు కొలత కంటే ఒక సైజు పెద్దది, అడుగు మందంగా, లోపలి ఫెల్ట్ తొడుగు ఊడదీసి ఆరబెట్టుకునేలా ఉంటే మేలు. సామీల గడ్డికి ఇవాళ్టి రూపం అదే. బూటు బిగుతవుతుందంటే రెండో మేజోడు వద్దు. బిగిస్తే రక్తం ఆడదు, రక్తం ఆడని వేలు ఎన్ని మేజోళ్ళలో ఉన్నా చల్లబడుతుంది.

ఇక్కడ మన ఆడవాళ్ళకు మాత్రమే వచ్చే చిక్కొకటి ఉంది: మెట్టెలు. వెండి వేడిని ఇట్టే వదిలేస్తుంది, పైగా బూటులో వేలిని నొక్కుతుంది. మా పిన్ని తియ్యనంటే తియ్యనంది. "ఆపరేషన్‌కి తీశావు కదా పిన్నీ" అన్నాను. "అది డాక్టరుగారు తీయమన్నారమ్మా" అంది. చివరికి బాబాయి చేత చెప్పిస్తే, హోటలుకి రాగానే పెట్టుకునే షరతు మీద ఒప్పుకుంది. చెవికమ్మలదీ అదే కథ. చేతికి గాజులుంటే పొడవు తొడుగుల మణికట్టు పట్టీ సరిగ్గా మూసుకోదు; అవి కూడా పెట్టెలోకే.

చేతులకు అయిదు వేళ్ళ గ్లోవ్స్ కంటే బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే మిట్టెన్స్ మంచివి. నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండి ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. లోపల పల్చటి ఉన్ని తొడుగు ఉంటే ఫొటో తీసుకునేటప్పుడు చర్మం బయటపడదు. వేడి పుట్టించే చిన్న పొట్లాలు దొరుకుతాయి, లోపలున్నది ఇనుప రజను. గాలి తగిలి తుప్పు పడుతూ వేడెక్కుతుంది. ఊపిరాడకుండా బూటు అడుగున కుక్కేసి పని చేయలేదని తిట్టుకోకండి. దానికీ గాలి కావాలి.

తలకు మంకీ టోపీ. తెల్లవారుజామున వాకింగుకు వెళ్ళే తాతయ్యల్ని చూసి నవ్వినవాళ్ళందరూ అక్కడ దానికోసమే వెతుక్కుంటారు. ముఖానికి క్రీములు పూస్తే చలి ఆగుతుందని ఒక నమ్మకం ఉంది. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫిన్లాండ్ సైనికుల పరిశీలన దీనికి అడ్డం తిరిగింది: చలి నుంచి కాపాడతాయని పూతలు రాసుకున్నవాళ్ళలోనే ముఖం, చెవులు గడ్డకట్టే ముప్పు ఎక్కువగా కనిపించింది. పూసుకున్నామన్న ధీమాతో టోపీ కిందికి లాగలేదేమో. పెదాల పగుళ్ళకు రాసుకోండి, రక్షణకు మాత్రం గుడ్డనే నమ్ముకోండి.

మిగతావి త్వరగా చెప్తాను. ఫోను లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉండాలి. లిథియం బ్యాటరీ చలికి ఉన్నట్టుండి చచ్చిపోతుంది. అలా చల్లబడిన దాన్ని వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. కెమెరాను లోపలికి తెచ్చే ముందు బయటే జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచీలో మూసేస్తే చెమ్మ సంచీ మీద పడుతుంది, లెన్సు మీద కాదు. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా ట్రోమ్సోలో సూర్యుడు పైకి రాడు కాబట్టి చలువ కళ్ళద్దాలు ఇంట్లో పెట్టి, వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్ పట్టీ కొనుక్కోండి. ఫిన్లాండ్‌లో చీకట్లో నడిచేవాళ్ళు అది పెట్టుకోవాలని చట్టమే ఉంది. ఫ్లాస్కు మరవొద్దు. ఆవకాయ, కందిపొడి ఎలాగూ మానరు. నెయ్యి, కోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి రానివ్వరు.

డౌన్ జాకెట్ కొన్నవాళ్ళు దాన్ని గాలి పీల్చేసే సంచీలో నొక్కి తీసుకెళ్ళినా, దిగగానే విప్పి, దులిపి, పొంగనివ్వండి. ఈకల మధ్య గాలి లేకపోతే అది వట్టి నైలాను గుడ్డ. ఇక ఒక జత ఉన్ని బట్టలు చేతి సంచీలో పెట్టుకోండి, పవర్ బ్యాంకు ఎలాగూ అందులోనే ఉండాలి. బూట్లు పెట్టెలో పెట్టకండి. శంషాబాద్‌లో ఎండగా ఉన్నా, చూసేవాళ్ళు నవ్వినా, అవి తొడుక్కునే విమానం ఎక్కండి. పెట్టె బరువు తగ్గుతుంది. ఒకవేళ దారిలో ఎక్కడో ఆ పెట్టె తప్పిపోయినా, కోటు అక్కడ అద్దెకు దొరుకుతుంది; మీ పాదానికి సరిపడా చూసి కొన్న బూటు దొరకదు.