బాలకథలలో భయానకాద్భుతములు: ఎంపికకొక ప్రమాణము

తొమ్మిది, పదుమూడేండ్ల నడుమ బాలురకు దెయ్యముల కథలు, సాహసగాథలు మిక్కిలి ప్రియములు. ఉపాధ్యాయులలో కొందఱు వీనిని మూఢవిశ్వాసములకు పుట్టినిండ్లని త్రోసివేయుదురు. మఱికొందఱు పిల్లలు ఏదో యొకటి చదివిన చాలునని అన్నింటిని అనుమతింతురు. రెండింటను విచారణ లోపించినది. గరిడేపల్లి వంటి మండలకేంద్రమున పాఠశాల గ్రంథాలయమునకు పుస్తకముల నెన్నుకొను ఉపాధ్యాయునకు అక్కఱకు వచ్చు ప్రమాణ మొకటి మన అలంకారశాస్త్రముననే కలదని చూపుట ఈ వ్యాసోద్దేశ్యము.

భయానకమునకు భయము, అద్భుతమునకు విస్మయము, వీరమునకు ఉత్సాహము స్థాయిభావములు. వీరమునుండి అద్భుతమును, బీభత్సమునుండి భయానకమును జనించునని నాట్యశాస్త్రమున భరతుడు చెప్పియున్నాడు. నాటకమును గూర్చిన ఈ మాట బాలకథకును చక్కగా అన్వయించును. నెత్తురు, పుఱ్ఱెలు, కళేబరములు కుప్పపోసి పుట్టించిన భయము బీభత్సజన్యము. అది పాఠకుని నిశ్చేష్టుని చేయును. ధీరుడొకడు భయస్థానమున అడుగిడినపుడు కలుగు విస్మయము పాఠకుని తరువాతి పుటకు నడిపించును. కావున కథలో భయమెంత యున్నదని గాక, అది యేమిగా పరిణమించుచున్నదని అడుగవలెను.

11వ శతాబ్దికి చెందిన సోమదేవుని కథాసరిత్సాగరమున ఇరువదియైదు బేతాళకథలు కలవు. చీకటి, శ్మశానము, శవము అను బీభత్స సామగ్రి యంతయు అందున్నది. అయినను రాజు భుజముపైనున్న శవము అడుగునది ధర్మసందేహము. సమాధానము వెదకుటలో పడిన బాలునకు భయము జిజ్ఞాసగా మాఱును. 1947 జూలైలో మద్రాసున ఆరంభమైన చందమామ ఈ చట్రమును గ్రహించి, మూలకథలతో నిలువక, పెక్కేండ్లు క్రొత్త కథలను అందు పొదిగినది.

మూలమునందలి ముగింపు మఱింత గమనింపదగినది. రత్నగర్భములైన పండ్లను అనుదినము రాజునకు సమర్పించిన భిక్షువే అతనిని బలియీయ దలచినవాడు. ఆ కుట్రను తెలిపి కాపాడినవాడు బేతాళుడు. ఆకారమును బట్టి మిత్రుని శత్రువును నిర్ణయింపరాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము. నెలనెలా సాగవలసిన పత్రికాశీర్షికలో చట్రము ముగియుట కుదరదు. కావున తరగతిలో బేతాళకథలను చదివించువారు ఈ ముగింపును తాము చెప్పవలసియున్నది.

రెండవ మార్గము దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలది. 1954లో చందమామలో వెలువడిన తోకచుక్క తరువాతి రచనల పేళ్లను చూడుడు: కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము. ఇందు భయము స్థలమునకు చెందినది. స్థలమును దాటవచ్చును; దాటినపుడు భయము ఉత్సాహమగును. ప్రతి భాగమును ఆపదయొద్ద ఆగుటచే, తప్పించుకొను ఉపాయమును నెలరోజులు ఊహించు పని పాఠకునిదైనది. చిత్రా గీసిన బొమ్మలు ఆ ఊహకు ఊతమైనవి.

అయినను ఈ రచనలు విమర్శకు అతీతములు గావు. తోకచుక్కలో మాంత్రికుడు ఏకాక్షి. అంగవైకల్యమును క్రౌర్యమునకు గుర్తుగా వాడుట జానపదకథలనుండి వచ్చిన అలవాటు. బేతాళకథ ముగింపు పోగొట్టు అపోహనే ఇది బలపఱచును. పుస్తకమును మానిపింపనక్కఱలేదు గాని, ఈ విషయము తరగతిలో చర్చింపదగినది.

మన ప్రాంతమున ఇది కేవల రసచర్చ గాదు. చేతబడి, బాణామతి చేసిరను అనుమానముతో మనుష్యులను కొట్టిన, చంపిన ఘటనలు తెలంగాణ పల్లెలలో ఈ శతాబ్దమునను జరిగినవి. ఊరి చివఱ గుడిసెలో ఒంటరిగా బ్రతుకు ముసలమ్మను మంత్రగత్తెగా తేల్చి, ఊరివారిచే శిక్షింపజేసి ముగియు కథ పిల్లవాని భయమును పోగొట్టదు. ఆ భయమునకొక ఇల్లు చూపును. చింతచెట్టుపై దెయ్యమున్నదను మాటను ఇద్దఱు బాలురు పరీక్షింపబోయి నిజము తెలిసికొను కథ, అంత శిల్పసౌష్ఠవము లేనిదైనను, దానికంటె మేలు.

కావున ఎంపిక చేయువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. భయము జిజ్ఞాసగానో ఉత్సాహముగానో మాఱుచున్నదా? కథానాయకుడు తన బుద్ధిచేతను చేతలచేతను బయటపడుచున్నాడా? పుస్తకము మూసిన పిదప పిల్లవాడు పొరుగువారిని వెనుకటి కన్నులతోనే చూడగలడా? మూడవదానికి కాదను సమాధానము వచ్చినచో, మొదటి రెండింటి గుణములెన్ని యున్నను ఆ పుస్తకమును పక్కన పెట్టుటయే యుక్తము.