ముందే చెప్పామన్న మాట

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఇక్కడి పిల్లలకి ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వస్తాయి. కాథరిన్ పాటర్సన్ రాసిన 'బ్రిడ్జ్ టు టెరబితియా' (1977) నవలని ఇక్కడ ఒక హాస్టల్లో ఇంటర్ చదివే ఆడపిల్లలతో కలిసి చదివాను. కథలో రాబోయేదాన్ని రచయిత్రి ముందుగా ఎలా సూచిస్తుందో వాళ్లకి వివరించాలనుకున్నాను. మన నాటక లక్షణకారులు పతాకాస్థానం అన్నది దీనికి దగ్గరిదే అని కూడా నోట్సు రాసుకుని వెళ్లాను. ఆ నోట్సు సంచీలోంచి బయటికి తీయనేలేదు.

కథ చిన్నది. జెస్ అమెరికా పల్లెటూళ్లో పదేళ్ల పేదింటి పిల్లవాడు. పక్కింట్లోకి లెస్లీ అనే అమ్మాయి కొత్తగా వస్తుంది. బళ్లో మగపిల్లల పరుగు పందెంలోకి దిగి అందరినీ ఓడిస్తుంది. ఇద్దరూ స్నేహితులై, వాగు అవతల అడవిలో తమదైన ఒక రాజ్యాన్ని ఊహించుకుంటారు. అక్కడికి వెళ్లాలంటే చెట్టుకి వేలాడే పాత తాడు పట్టుకుని వాగు మీదుగా ఊగాలి. ఆ తాడు ఎవరు కట్టారో ఎవరికీ గుర్తు లేదు. అప్పటికి వాగు ఎండిపోయి ఉంది.

నేను ఇక్కడిదాకా చదివి ఆగానో లేదో, వెనక వరసలోంచి ఒకమ్మాయి "వాన పడుద్ది మేడమ్" అంది.

అంతే. చాలా పేజీల తర్వాత జరగబోయేది చెప్పేసింది. సాహిత్య సిద్ధాంతం తెలిసి కాదు, చర్ల దారిలో వాగులు దాటి బడికి వెళ్లిన పిల్ల కాబట్టి.

రచయిత్రి మిగతా సూచనల్ని చాలా నేర్పుగా పేర్చింది. ఈస్టర్ నాడు చర్చి నుంచి తిరిగొస్తూ జెస్ చెల్లెలు మే బెల్, లెస్లీని 'నువ్వు చచ్చిపోతే ఏమైపోతావు' అని అడుగుతుంది. తర్వాత ఎడతెగని వానలు. వాగు రోజురోజుకీ పైకి వస్తుంది. జెస్‌కి ఈత రాదు, భయం. ఇవాళ వెళ్లొద్దని చెప్పేద్దామనుకున్న రోజునే సంగీతం టీచరు ఫోను చేసి అతన్ని వాషింగ్టన్‌లో చిత్రశాల చూడటానికి తీసుకెళ్తుంది. లెస్లీని కూడా రమ్మని ఉండొచ్చు కదా అన్న ఊహ ఆలస్యంగా వస్తుంది. వచ్చినా, టీచరుతో ఒంటరిగా వెళ్తున్నానన్న రహస్య సంతోషమే గెలుస్తుంది. అతను బొమ్మలు చూసి ఇంటికొచ్చేసరికి తాడు తెగి లెస్లీ చనిపోయింది.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. ఈ సూచనలన్నీ జెస్ భయంలోంచే మనకి అందుతాయి. లెస్లీ మనసులోకి కథ ఒక్కసారీ వెళ్లదు. భయపడ్డవాడు బతికాడు, భయపడనిది పోయింది. రెండోసారి చదివినప్పుడు ప్రతి వాన చినుకూ ఆ పిల్ల తెగువ మీద వేలెత్తి చూపుతున్నట్టు ఉంటుంది. పూర్వసూచన లక్షణమే అది, చివరికి వచ్చాక వెనక్కి తిరిగి 'ముందే చెప్పారు కదా' అనిపించడం. మగపిల్లవాడి విషయంలో దీన్ని విధి అంటారు. ఆడపిల్ల విషయంలో బుద్ధి లేకపోవడం అంటారు.

పాటర్సన్ అలా అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1974లో ఆమె కొడుకు స్నేహితురాలు, ఎనిమిదేళ్ల పాప, పిడుగు పడి చనిపోయింది. ఈ నవల ఆ దుఃఖంలోంచి పుట్టింది. పిడుగుకి ఏ పూర్వసూచనా ఉండదు. కారణం దొరకని చావుకి నవలలో ఒక వాగూ ఒక తాడూ సమకూర్చుకుందామె. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

నా పిల్లలు మాత్రం రెండు ముఠాలయ్యారు. లెస్లీ వెళ్లకుండా ఉండాల్సింది అని కొందరు. 'తెగింది తాడు కదా, ఆమెననడం దేనికి' అని కొందరు. నవల చివర జెస్ వాగు మీద పలకలు వేసి వంతెన కట్టి చెల్లెల్ని అవతలికి తీసుకెళ్తాడు. విమర్శకులు అతను ఎదిగాడనడానికి దాన్నే గుర్తుగా చూస్తారు, నేనూ అదే చెప్పాను. మొదట వాన సంగతి చెప్పిన అమ్మాయి, "అదేదో ముందే కట్టొచ్చుగా మేడమ్" అంది. ప్రతి వానాకాలం చప్టాలు మునిగి దారులు తెగిపోయే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక సాయంత్రం వాగు పొంగి బస్సు మధ్యలో ఆగిపోయింది. ఆ రాత్రి తోటి అమ్మాయి ఇంట్లో ఉండి మర్నాడు ఇల్లు చేరాను. పెద్దనాన్నా, మరో ఇద్దరు పెద్దమనుషులూ అరుగు మీద కూర్చున్నారు. ఎక్కడున్నావు, ఎవరింట్లో, ఆ ఇంట్లో మగవాళ్లెవరు? వాగు పొంగిందంటే సాక్ష్యం అడిగారు. నాయనమ్మ లోపల్నించి అమ్మతో, "నేను ముందే చెప్పాను, దీన్ని పై చదువులకి పంపొద్దని" అంది. ఆ క్షణంలో నా ఇరవై ఏళ్ల బతుకంతా ఆ రాత్రికి పూర్వసూచన అయిపోయింది.

అందుకే తర్వాతి ఆదివారం ఓల్గా 'విముక్త' తీసుకెళ్లాను. అది నవల కాదు, ఒకే సీత చుట్టూ అల్లుకున్న కథలు. మా పిల్లలందరూ పర్ణశాల చూసినవాళ్లే. సీతమ్మ నారచీరలు ఆరేసిన బండలంటూ వాళ్లకి చూపిస్తారు. బంగారు లేడి అడగడమే ఆమె తప్పన్న మాట వినని పిల్ల లేదు. ముగింపు అందరికీ తెలిసిన కథలో ఇక సూచనకి పనేముంటుంది?

ఉంది. 'మృణ్మయనాదం'లో అహల్య అడవిలో సీతతో మాట్లాడుతుంది. విచారణకి ఎన్నడూ ఒప్పుకోవద్దంటుంది. నిజం ఏమిటని అడగడంలోనే అపనమ్మకం ఉందన్నది ఆమె అనుభవం. అగ్నిపరీక్ష రాబోతోందని మనకి తెలుసు, సీతకి తెలియదు. అయితే ఇక్కడ సూచన ఆకాశంలో ఉరమదు, పక్కనున్న మగవాడి గుండెల్లో గుబులుగా మోగదు. కాలిన స్త్రీ ఇంకో స్త్రీకి చేతిలో పెట్టే మాట అది. సీత నడవడికి అందులో తీర్పు లేదు, ఆమెని ప్రశ్నించబోయేవాళ్ల గురించిన సమాచారం ఉంది. లంకలో ఆ మాట ఆమెని కాపాడలేదు. ఏళ్ల తర్వాత మళ్లీ నిరూపించుకొమ్మన్నప్పుడు కాపాడింది. సూచన పాఠకుల కోసం కాకుండా పాత్రకే ఉపయోగపడటం నేను చాలా తక్కువ చోట్ల చూశాను.

అహల్య అంత చెప్పినా సీత మొదటిసారి ఎందుకు ఒప్పుకుంది అని వాన సంగతి చెప్పిన ఆ అమ్మాయే అడిగింది. ప్రేమ వల్ల అనీ, అలవాటు వల్ల అనీ ఏదో చెప్పాను. ఆ రోజు అరుగు ముందు నేను కూడా పర్సులోంచి బస్సు టికెట్టు తీసి చూపించానని వాళ్లకి చెప్పలేదు.