జారుటలో నిలకడ: ఒక కారు ఆటను గూర్చి

ఇట్టి సంచికలలో నాటకమును గూర్చియో, హరికథను గూర్చియో, మన పెద్దలు ఈ ప్రాంతములకు వలస వచ్చిన కాలమును గూర్చియో వ్యాసములుండుట ఆచారము. మేమీ మారు కంప్యూటరుపై ఆడు ఒక ఆటను విమర్శకు తీసికొనుచున్నాము. కొందరు చదువరులు నొసలు చిట్లింపవచ్చును. కాని మన యిండ్లలోని బాలురు సాయంకాలమున తలుపు చేరవేసికొని దేనియందు మునిగియున్నారో దానిని గూర్చి మనకొక అభిప్రాయమైనను ఉండవలదా? ‘పాడు ఆట’ అనుట అభిప్రాయము కాదు. చూడక పలికిన మాట. మేము చూచితిమి. కొంత ఆడితిమి కూడ. మా చేతిలో ఆ కారు రోడ్డు మీద కంటె గోడ మీదనే హెచ్చుగా నడచినది.

ఆట పేరు కార్‌ఎక్స్ డ్రిఫ్ట్ రేసింగ్ ఆన్‌లైన్. రష్యాలో పుట్టిన కార్‌ఎక్స్ టెక్నాలజీస్ అను సంస్థ దీనిని 2017లో వెలువరించినది. ఫోనుపై ఆడుటకు వీలైన దీని తోబుట్టువు మరుసటి యేడు వచ్చినది. మా విమర్శ ముఖ్యముగా పెద్ద తెరపై ఆడుదానిని గూర్చియే.

డ్రిఫ్టు అనగానేమో ముందు చెప్పవలెను. పందెమనగా ముందు చేరినవాడే గెలుచునని మనమెరిగిన సంగతి. ఇందట్లు కాదు. ఇంజను బలము వెనుక చక్రములకు చేరునట్టి కారును మలుపు రాకమునుపే కావలెనని పట్టు తప్పించి, ముక్కు లోపలికిని తోక వెలుపలికిని ఉండునట్లు అడ్డముగా జార్చవలెను. ముందు చక్రములను జారుచున్న దిక్కునకు త్రిప్పి పట్టి, యాక్సిలరేటరుతో ఆ జారుటను నిలుపుకొనుచు మలుపు దాటింపవలెను. పడుటకును పడకుండుటకును నడుమ గల ఇరుకు చోట నిలుచుటయే ఇందలి విద్య. జపాను దేశపు పందెగాడు తకహాషి కునిమిత్సు 1970 తరువాతి సంవత్సరములలో ఈ పోకడను పందెపు బాటలపై చూపగా, త్సుచియ కెయిచి దానిని కొండదారులలో సానపట్టెను. 1987లో త్సుచియ నడకను చూపుచు వెలువడిన ‘ప్లస్పీ’ అను వీడియో ఈ విద్యకు ప్రచారము తెచ్చినది. అమెరికాలో 2004 నుండి ఫార్ములా డ్రిఫ్ట్ అను పోటీలు నడచుచున్నవి. అందు కారు పట్టిన దారిని, జారిన కోణమును, నడపిన తీరును న్యాయనిర్ణేతలు చూచి తీర్పు చెప్పుదురు. అనగా ఇది పరుగుపందెము కంటె నాట్యమునకు దగ్గర. కనుకనే విమర్శకు లొంగును.

ఈ ఆటకు రెండు తావులు కలవు. ఒకటి షెడ్డు, రెండవది రోడ్డు. షెడ్డులో చేయు పనిని ట్యూనింగు అందురు. మనకు శ్రుతి చేయుట అను మాట ఎన్నడో సిద్ధముగా నున్నది. మార్దంగికుడు కచేరీకి ముందు ఎడమ వైపున రవ్వముద్ద అంటించి, కుడి వైపు అంచును రాతితో తట్టి తట్టి చెవి యొగ్గి వినుట మనమందరము చూచినదే. ఆ తట్టుట సంగీతము కాదు. కాని అది కుదరనిచో తరువాత సంగీతము లేదు. ఈ ఆటలోని షెడ్డు అట్టిది.

అందు మార్పదగినవి పెక్కు కలవు: స్ప్రింగుల గట్టిదనము, టైర్లలోని గాలి, చక్రముల వాలు, గేర్ల నిష్పత్తి, బ్రేకులు, ఇంజనులోనికి గాలిని త్రోయు టర్బో ఒత్తిడి. చక్రముల వాలును చూడుడు. మలుపులో బండి వెలుపలికి ఒరుగును. చక్రమును దానితో ఒరిగినచో టైరు అంచు మాత్రమే నేలనంటును. కావున ముందుగనే చక్రముల పైభాగమును కొంచెము లోపలికి వాల్చి యుంతురు. డిఫరెన్షియలు సంగతి ఇంకను వింతయైనది. మామూలు కారులో మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రములు రెండును వేర్వేరు వేగములతో తిరుగుటకు అది తోడ్పడును. డ్రిఫ్టులో ఆ మేలే కీడగును; బరువు తగ్గిన లోపలి చక్రము ఊరక గిరగిర తిరిగి బలమును వృథా చేయును. కావున రెండు చక్రములును కలసి తిరుగునట్లు దానిని బిగింతురు. ఇక సైకిలు ముందు ఫోర్కు వాలి యుండుట చేత నడచుచున్నంతసేపు ముందు చక్రము పోవు దిక్కునకే తిరుగ జూచును గదా! కారు ముందు చక్రములకును అట్టి వాలే కలదు. తోక జారగనే స్టీరింగు తనంతట తానే జారుడు దిక్కునకు పరుగెత్తును. నేర్పరి దానిని త్రిప్పడు. వదలి, తగిన చోట పట్టుకొనును. స్టీరింగు చక్రమును కొని బల్లకు బిగించుకొని ఆడువారికి ఈ రుచి తెలియును. నిజమైన కారులో తోక జారుట నడుమునకు ముందు తెలియును. ఆటలో నడుమునకు పని లేదు; కంటితోను, టైర్ల రొద విను చెవితోను ఆ లోటు తీర్చుకొనవలెను.

ఈ ఆట గొప్పతనమంతయు షెడ్డునకును రోడ్డునకును గల రాకపోకలలో నున్నది. హోసూరులో పదకొండవ తరగతి చదువుచున్న మా మనుమని కారు ఒక మలుపులో ప్రతిమారును బొంగరమగుచుండెను. అతడు ఇంజను బలమును హెచ్చించెను. బొంగరము ఇంకను వేగముగా తిరిగెను. సంగతి యేమని మేమడుగగా, “ఎనక తేలిపోతా ఉంది తాతా, రోడ్డు పట్టల్యా” అనెను. తేలిపోవుట! తన రోగమును తానే సరిగా చెప్పుకొనెను. కొరవడినది బలము కాదు, పట్టు. వెనుక టైర్లలో గాలి తగ్గించి, వెనుక స్ప్రింగులను కొంత మెత్తన చేసి, రెండు దినములు కుస్తీ పట్టిన పిమ్మట ఆ మలుపు లొంగినది. తప్పు రోడ్డుపై కనబడును. కారణము షెడ్డులో దొరకును. దిద్దుబాటు మరల రోడ్డుపై సాక్ష్యమిచ్చును. ఇట్టి చదువు చెప్పు పాఠ్యపుస్తకములు మన పిల్లలకు ఎన్ని యున్నవి?

ఆ ‘తేలిపోవుట’ను గూర్చి ఒక్క మాట చెప్పక తీరదు. అతడు చెలికాండ్రతో ఈ ఆటను గూర్చి మాటలాడునది ఇంగ్లీషులో. కొంత తమిళములో, కొంత కన్నడములో. ఆ తెలుగు మాట బడిలో నేర్చినది కాదు. లారీలును మోటారుసైకిళ్ళును తయారగు ఫ్యాక్టరీల ఊరు హోసూరు. మా వీధి చివరి షెడ్డులో మేస్త్రీల నోట విన్నది. తెలుగు బడి అందని మన కుటుంబములలో తెలుగు పండుగనాటి పద్యమునకును పెండ్లిపిలుపునకును ముడుచుకొనుచున్నది. పిల్లవాని బుద్ధి చురుకుగా పనిచేయు తావున మనము నోరు మెదపకున్నచో, ఆ తావున తెలుగు ఉండదు. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఇదియే.

ఇక దోషములు. వానిలో పెద్దది మార్కుల అంకె. కారు జారినంతసేపు తెరపై అంకెలు పెరుగుచునే యుండును. కోణము హెచ్చిన మేలు, వేగము హెచ్చిన మేలు, ఎడతెగకున్న మరియు మేలు. తెగినచో కూడబెట్టిన హెచ్చింపు పోవును. దీని ఫలితమేమనగా, మలుపు లేని తిన్నని రోడ్డుపై కూడ ఆటగాడు బండిని ఇటునటు ఊపుచు పోవును. గమకమక్కరలేని చోట గమకము, నిలువవలసిన స్వరముపై సంగతి మీద సంగతి! చప్పట్లకై పాడు పాటకుని మనము ఎరుగనివారము కాము. ఇందు చప్పట్లు కొట్టునది యంత్రము; దానికి విసుగనునది లేదు.

షిగెనో షుయిచి 1995 మొదలు 2013 వరకు వ్రాసి బొమ్మలు గీసిన ‘ఇనిషియల్ డీ’ అను జపాను బొమ్మల కథలో ఒక కుర్రవాడు కలడు. సోయా పాలను విరిచి చేయు తోఫు అమ్మువాని కొడుకు. తెల్లవారకమునుపే తండ్రి పాత కారులో కొండదారిన తోఫు చేరవేయును. తండ్రి కారులో ఒక గ్లాసు నీరుంచి, అది తొణకకుండ నడుపుమనును. కొడుకు డ్రిఫ్టు నేర్చినది ఆ గ్లాసు వలన. మా మట్టునకు ఈ విద్యకు ఇంతకు మించిన లక్షణము వేరొకటి కానరాలేదు. వెలుపల ఎంత అలజడి యున్నను లోపల నీరు తొణకరాదు. ఈ ఆట అంకెలకు ఆ గ్లాసు కనబడదు. జపానులోని డి1 పోటీలలోను వేగమును కోణమును కొలుచు యంత్రములు ప్రవేశించినవి గదా యని ఆట పక్షమువారు అడుగవచ్చును. కొలుచుటలో యంత్రము మనుష్యుని మించునని ఒప్పుకొందుము. కాని ఎంత కోణము పట్టెనో చెప్పుట వేరు, ఆ మలుపునకు అంత కోణము కావలసెనా యని చెప్పుట వేరు.

రెండవ దోషము ఆటది కాదు, ఆడువారిది. మంచి ఆటగాని షెడ్డు అంకెలను ఉన్నవి ఉన్నట్లు దించుకొని రోడ్డెక్కువారు పలువురు. ఒకరి శ్రుతిలో మరొకరు పాడినట్లుండును. గొంతు అందినంతవరకు అందును, తరువాత కీచుమనును. ఏల ఆ అంకె పెట్టిరో తెలియనివానికి తప్పు జరిగినప్పుడు షెడ్డునకు మరలు దారి మూసికొనిపోవును. ఈ ఆటకు గల ఒక్క గొప్పగుణమును వారు చేతులార వదలుకొనుచున్నారు.

పోలిక కొరకు మరి రెండు ఆటలు. 2003 నాటి నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్‌లోను డ్రిఫ్టు కలదు. కాని అందలి షెడ్డు అలంకారశాల. భాగములు సంపాదించి తగిలించుటయే గాని తెలిసికొనవలసిన దానిలో లేదు. 2014లో ఇటలీ దేశపు కూనోస్ సిములాజియోని వారు వెలువరించిన అసెట్టో కోర్సా టైరు నడవడిలో మిక్కిలి నిజాయితీ గలది. అయినను డ్రిఫ్టు దానికి పెరటి చెట్టు. కార్‌ఎక్స్ ఈ రెంటి నడుమ నిలిచినది. దీనిలోని కార్లకు అసలు పేర్లు లేవు. పేరుపొందిన బండ్లను పోలిన రూపములకు మారుపేర్లు పెట్టిరి. చూచినవానికి ఏ కారో తెలియుచునే యుండును. వీధినాటకములో కిరీటము అట్టది యైనను రాజు రాజే గదా!

మాకు మిక్కిలి నచ్చినది జోడు పరుగు. ఒకరు ముందు జారుచుండగా మరొకరు తలుపునకు తలుపు రాయునంత చేరువగా వెన్నంటి జారవలెను. వెనుకవాడు ముందువాని మనసు కనిపెట్టవలెను. ముందువాడు కాలు తీయు క్షణమునకు ఇతని కాలును లేవవలెను. లేనిచో ఢీ తప్పదు. ఆన్‌లైనులో ఒకే రోడ్డుపై కలిసిన పరిచయము లేనివారు ఇట్లు గంటల తరబడి తిరుగుట చూచితిమి. అక్కడ అంకెల మీద ఎవరికిని చూపు లేదు. అంతకన్న విశేషము, ఇందు హెచ్చు బలము గల కారు పనికిరాదు. స్నేహితుని కారు చిన్నదైనచో తన కారు బలమును తానే తగ్గించుకొని, గేర్లు మార్చుకొని, అతని వేగమునకు సరిపడునట్లు షెడ్డులో మరల శ్రుతి చేసికొనవలెను. అన్ని పందెపు ఆటలును బలమును పెంచుకొమ్మని ఊరించుచుండగా, ఇది తగ్గించుకొనుటకు కారణము చూపినది. పక్కవాద్యము వాయించినవారికి ఇది క్రొత్త కాదు.

కొని యిచ్చు పెద్దలకు రెండు మాటలు. ఫోను ఆటలో కారును నిలుపుటకు సాయపడు ఏర్పాట్లు కలవు. మొదటి వారమునకు అవి చాలును, తరువాత తీసివేయించుడు. తక్కువ బలము గల కారుతో మొదలు పెట్టింపుడు. షెడ్డులో ఒక్కసారి ఒక్క అంకెనే మార్చి రోడ్డుపై చూడుమనుడు. రెండు మార్చినచో ఏది పనిచేసినదో తెలియదు. పిల్లవాడు మార్చినప్పుడెల్ల పక్కన కూర్చుండి, ఏమి మారినదో తెలుగులో చెప్పించుకొనుడు. టైరు, గేరు, స్టీరింగు అను మాటలు ఉండనిండు. అవి మనవే యైనవి.