కాలేజీ పేరు అడగని లెక్క

ఒకే తిన్నని దారి మీద ఆరు చోట్లు: ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్. ఒక చోటికీ దాని పక్క చోటికీ మధ్య 15 కిలోమీటర్లు, గంట ప్రయాణం. నాలుగు టాక్సీలున్నాయి, పొద్దున అన్నీ ఏ దగ్గరే ఉంటాయి. మొదటి 5 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 10. ఎవరైనా బండి అడిగితే అక్కడే ఖాళీగా ఉన్నదాన్ని పంపాలి. అక్కడ లేకపోతే దగ్గరలో ఉన్నదాన్ని పంపాలి. ఒకే చోట రెండు ఖాళీగా ఉంటే అప్పటికి తక్కువ సంపాదించినదానికే బేరం. ఏదీ ఖాళీ లేకపోతే లేదని చెప్పేయాలి. ఇదంతా చూసుకునే ప్రోగ్రాం రాయండి.

చెన్నైలో ఎదిగి ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న జోహో కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఒకరికొకరు చెప్పుకుంటున్న లెక్క ఇది. చిన్న ప్రోగ్రాంల మెట్లు దాటాక, గంటల తరబడి కూర్చుని ఇలాంటిదొకటి మొదటి నుంచి చివరి దాకా కట్టాలి. ఉద్యోగ పరీక్షల్లో చాలా ప్రశ్నలకు ఒక కిటుకుంటుంది. కోచింగ్‌లో విన్నవాడికి ఐదు నిమిషాల పని, విననివాడికి పూట గడిచినా తెగదు. ఈ టాక్సీ లెక్కలో కిటుకనేదే లేదు. దీన్ని తయారుచేసిన చెయ్యి ఎవరిదో గానీ, మెచ్చుకోవలసింది అక్కడే.

మన తిరుత్తణి పిల్లలకు ఇలాంటి దారి కొత్తదేమీ కాదు. తెల్లవారుజామున చెన్నై వెళ్లే లోకల్ రైలు ఎక్కితే అరక్కోణం, తిరువాలంగాడు, కడంబత్తూరు, తిరువళ్లూరు వరసగా వస్తాయి. ఏ స్టేషన్‌లో ఎవరు ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో, ఏ బండి తప్పితే మళ్లీ ఎప్పుడో వాళ్లకు నోటికొచ్చు. పళ్లిపట్టు, పొదటూరుపేట మగ్గాల ఇళ్ల నుంచి వచ్చినవాడికైనా, చెన్నై నడిబొడ్డున పెరిగినవాడికైనా ఈ ప్రశ్న అర్థం కావడానికి ఒకే తెలివి చాలు.

ఇక లోపలికి వెళదాం. మొదటి బుకింగు 9 గంటలకు, ఏ నుంచి బీకి. దూరం 15 కిలోమీటర్లు. తొలి 5కు 100, తక్కిన 10కి మరో 100, మొత్తం 200. ఒకటో బండి వెళ్లింది, 10 గంటలకు బీలో ఖాళీ అయింది. రెండో బుకింగు కూడా 9 గంటలకే, బీ నుంచి డీకి. ఒకటో బండి ఇంకా దారిలో ఉంది కాబట్టి రెండోది వెళ్లాలి. కానీ అది ఏలో ఉంది. 9కి బీలో మనిషిని ఎక్కించుకోవాలంటే 8కే బయల్దేరాలి. ఈ గంట సంగతి ప్రశ్నలో ఒక్క ముక్క కూడా లేదు! బొమ్మ గీసుకుని బండిని మనసులో నడిపించినవాడికే అది కనిపిస్తుంది. కనిపించనివాడి ప్రోగ్రాంలో బండి ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతుంది. రెండో బండికి 30 కిలోమీటర్లకు 350 రూపాయలు వచ్చాయి, 11కి డీలో దిగింది. మూడో బుకింగు 12 గంటలకు, బీ నుంచి సీకి. ఒకటో బండి బీలోనే నిలబడి ఉంది. బేరం దానిదే.

తక్కువ సంపాదించినదానికి బేరం ఇవ్వాలన్న వాక్యం చూడండి. పైకి అది డ్రైవర్ల మధ్య న్యాయం. లోపల అదొక ఇరుసు. ఆ వాక్యం లేకపోతే బండి ఎక్కడుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో గుర్తుపెట్టుకుంటే సరిపోయేది. ఆ వాక్యంతో ప్రతి బండికీ ఒక ఖాతా పుస్తకం అవసరమైంది. విడివిడి అంకెలతో నెట్టుకొద్దామనుకున్నవాడు ఇక్కడ ఆగి, బండినే ఒక వస్తువుగా ఊహించి, దాని చోటు, సమయం, సంపాదన ఒక మూటలో కట్టక తప్పదు. పాఠ్యపుస్తకం యాభై పేజీల్లో చెప్పే సంగతిని ఈ లెక్క ఒక్క షరతుతో చేయిస్తుంది. తొమ్మిదింటికి నాలుగు బండ్ల సంపాదనా సున్నాయే కదా, అప్పుడు ఎవరికి ఇవ్వాలి? ప్రశ్న చెప్పదు. అభ్యర్థి అడగాలి, లేదా తానే ఒక నియమం పెట్టుకుని ఎందుకో చెప్పాలి. ఆఫీసులో రోజూ చేసే పని ఇదేగా.

ఇంత మంచి లెక్క ముందు కూర్చునే అవకాశం మాత్రం అందరికీ ఒకేలా రాదు. కాలేజీ పేరు పనిచేసేది అక్కడే. కంపెనీలో ఎంపిక చేసే మనుషులు కొద్దిమంది, క్యాంపస్ సీజన్ కొద్ది వారాలు, కాలేజీలు వేలల్లో. కాబట్టి ఇంతకుముందు వడపోత జరిగిన చోటికే వెళతారు. ఐఐటీ అయితే జేఈఈ వడపోసింది. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో లెక్కలకు 100, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 50, మొత్తం 200కు కట్ ఆఫ్ వడపోసింది. పదిహేడేళ్ల వయసులో వచ్చిన ఆ మార్కు కాలేజీని నిర్ణయిస్తుంది. కాలేజీ ఏ కంపెనీ వస్తుందో నిర్ణయిస్తుంది. ఆవడి, పూందమల్లి, కవరైపేట చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే మన పిల్లల తలరాతలో సగం ఆ గొలుసులోనే ఉంది.

ఆ గొలుసుకు పక్కదారులూ పడ్డాయి. విప్రో బీఎస్సీ, బీసీఏ చదివినవాళ్లను పనిలోకి తీసుకుని ఎంటెక్ చదివిస్తోంది. హెచ్‌సీఎల్ టెక్‌బీ ప్లస్ టూ పూర్తిచేసినవాళ్లకు శిక్షణ ఇస్తోంది. జోహో నడిపే స్కూళ్లలో ప్లస్ టూ, డిప్లొమా పిల్లలకు ఫీజు లేకపోగా స్టైపెండ్ ఇస్తారు. ఆ సంస్థను స్థాపించినవాళ్లలో ఒకరైన శ్రీధర్ వెంబు ఐఐటీ మద్రాసు, ప్రిన్స్‌టన్ చదువులు చదివినవారే. పట్టాకీ పనితనానికీ పొత్తు పెద్దగా కనిపించలేదని ఆయనే చెబుతూ వచ్చారు.

ఈ మాట మొదట అన్నది సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు. 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణిలో, ఒక తెలుగు ఇంట 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఊరి బడిలో, తిరుపతి మిషన్ స్కూల్లో, వేలూరు వూర్హీస్ కాలేజీలో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకున్నారు. తత్వశాస్త్రం తీసుకున్నది కూడా బంధువుల కుర్రాడి పాత పుస్తకాలు ఊరికే దొరకడం వల్లేనని చెబుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదవని ఆయన 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యారు. స్వతంత్రం వచ్చాక ఆయన అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ పరిపాలనా ఉద్యోగాలకు డిగ్రీ తప్పనిసరి అనకూడదని, కోరినవాళ్లందరూ రాయగలిగే ప్రత్యేక పరీక్షలు పెట్టాలని అందులో సిఫారసు చేశారు. ఉద్యోగం కోసమే డిగ్రీ అయితే చదువు పాడవుతుందన్నది వాళ్ల బెంగ. సర్కారు ఆ సిఫారసును పక్కన పెట్టింది. టాక్సీ లెక్క రాసినవాళ్లు దాన్ని చదివారో లేదో గానీ, పాటించారు.

కౌన్సెలింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు కాలేజీ భవనాలు, హోర్డింగులు చూసి మోసపోవద్దు. కిందటేడు ఏ కంపెనీలు వచ్చాయి, ఏ పరీక్ష పెట్టాయి, ఎంతమందిని తీసుకున్నాయి అని అడగండి. చేరిపోయిన పిల్లలూ, కాలేజీ గురించి దిగులు చాలు. ఒక ఆదివారం ఈ లెక్కతో కూర్చోండి. నాలుగు బండ్లతో నడిపించండి. నడిచాక నాలుగును నలభై చేయండి. ఒక్క అంకె మారిస్తే సరిపోయిందంటే మీ పని బాగున్నట్టు.