కురుపు బుగ్గ మీద, మూలం పంటిలో

దవడ అంచున ఎర్రటి కురుపు. నడుమ సూదిమొనంత రంధ్రం, చుట్టూ చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంటుంది. ఎండినట్టే ఎండి మళ్లీ చీము కారుతుంది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో పండ్ల వైద్యం చేసే నా దగ్గరికి ఇలాంటివాళ్లు నేరుగా రారు. మలాములు, ఆకు పసర్లు, మందుల షాపు మాత్రలు అన్నీ అయ్యాకే వస్తారు. పత్తి చేన్లు చేసుకునే ఒక అక్క, కురుపును రెండుసార్లు కోయించుకుని, కొంగుతో దవడ కప్పుకుని వచ్చింది. నోరు తెరవమంటే చిన్నబుచ్చుకుంది. "పంటికి రాలే సారూ, కురుపుకు వచ్చిన. పండ్లు నొస్తలెవ్వు."

ఆ నొప్పి లేకపోవడమే మోసం. పుచ్చు లోతుకు పోయి నరం చచ్చాక పన్ను చల్లటి నీళ్లకు కూడా జివ్వుమనదు. చీము మాత్రం వేరు కొసన ఊరుతూనే ఉంటుంది. వాగు నీరు పల్లం వెతుక్కున్నట్టు అది ఎముకను తొలుచుకుంటూ పోతుంది. కింది దవడలో కండరం అతుక్కున్న చోటికి పైన తేలితే చిగురు మీద పొక్కు, కింద తేలితే గదవ మీదో దవడ కిందో కురుపు. చీముకు బయటికి దారి దొరికిందంటే లోపల ఒత్తిడి ఉండదు, సలుపూ ఉండదు. ఎక్కువగా కింది పండ్లతోనే ఇలా అవుతుంది. పై కోరపంటి చీము ముక్కు పక్కన తేలడమూ ఉంది.

లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి ఆమె బుగ్గను తడిమాను. కురుపు నుంచి ఎముక దాకా గట్టి తీగ తగిలింది. రంధ్రంలోకి సన్నటి గట్టాపర్చా పుల్ల జొనిపి ఎక్స్‌రే తీస్తే తెల్లటి గీత నేరుగా దవడపంటి వేరు కొసకే పోయింది. ఫిల్ము చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "పన్ను పీకితే కన్ను పోతదంట గదా?" అంది. ఈ భయం మా దగ్గర ఇంటింటా ఉంది. పంటి నరం వేరు, చూపునిచ్చే నరం వేరు అని ఓపిగ్గా చెప్పాను. అయినా పీకే పని పడలేదు, రూట్ కెనాల్ సరిపోయింది. కురుపును ముట్టుకోనే లేదు. కొద్ది వారాల్లో అదే మానింది, చిన్న సొట్ట మిగిలింది.

మాత్రలతో ఎందుకు తగ్గలేదంటే, చచ్చిన పంటి లోపలికి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందూ చేరదు. అలాగని దవడ మీది ప్రతి కురుపూ పంటిదే కాదు. క్షయ గడ్డలు, చర్మ కాన్సరూ ఇలాగే కనిపించొచ్చు, వాటికి పరీక్షలు కావాల్సిందే. ఊళ్లలో ఇలాంటి కురుపును ముందుగా చూసేది ఆర్‌ఎంపీలు, ఆశా అక్కలు. మానని కురుపు కనబడితే కట్టు కట్టే ముందు ఒక్కసారి నోరు తెరిపించి, టార్చి వేసి చూడండి. పుచ్చిన పన్నో, రంగు మారిన పన్నో కనిపిస్తే మా దగ్గరికి పంపండి, కత్తి పడకముందే.